ఎంజీబీ కొనడం, అమ్మడం: ముందు రేకు, ఆ తర్వాతే ఇంజను

అంబాసడర్ బానెట్ ఎత్తి చూసిన అలవాటున్నవారికి, పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారైన ఎంజీబీ ఇంజను పరాయిదిగా అనిపించదు. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వారి బీ సిరీస్ కుటుంబానికి చెందినవే. మన రోడ్ల మీద దశాబ్దాలపాటు తిరిగిన అంబాసడర్ పెట్రోలు ఇంజను 1489 సీసీది అయితే, ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మాగారంలో 1962 నుంచి 1980 వరకు తయారైన ఎంజీబీలో ఉన్నది ఆ కుటుంబంలోనే పెద్దదైన 1798 సీసీ ఇంజను. ట్యాపెట్ల చప్పుడు కూడా ఎక్కడో విన్నట్టే ఉంటుంది. బ్రిటన్‌లో స్థిరపడిన మనవాళ్లు పాత బ్రిటిష్ కారు కొనాలనుకున్నప్పుడు ఈ పరిచయం వల్లే ధైర్యం చేస్తారు, ఈ పరిచయం వల్లే దెబ్బ తింటారు. ఇంజను శబ్దం విని మురిసిపోయి, తలుపు కింద ఉన్న రేకు సంగతి మరిచిపోతారు.

నేనూ అలాగే దెబ్బ తిన్నాను. మొదటిసారి కొన్నది 1972 నాటి జీటీ, అంటే మడవని గట్టి పైకప్పున్న ఎంజీబీ. ఎర్రటి కొత్త పెయింటు, అద్దంలా మెరిసే క్రోము, సెల్ఫ్ కొట్టగానే అందుకున్న ఇంజను. అమ్మిన వ్యాపారి అడుగు భాగమంతా నల్లటి తారు పూత పూయించి, అది కారుకు రక్ష అని చెప్పాడు. ఆరు నెలల తర్వాత వెల్డింగ్ షెడ్డులో ఆ పూత గీకితే కింద ఇనుము లేదు, పుట్టీ ఉంది. రెండు వైపులా బాగు చేయించడానికి అయిన ఖర్చు కారు కొన్న వెలను దాటింది. ఆ తర్వాత మరో రెండు కొన్నాను, రెండు అమ్మాను. ఈ వ్యాసంలో రాస్తున్నదంతా ఆ అనుభవంలోంచి, నాకంటే బాగా తెలిసిన క్లబ్బు మిత్రుల దగ్గర నేర్చుకున్నదాంట్లోంచి వచ్చింది.

ఎంజీబీని, దానికి దగ్గరి రూపాలైన ఎంజీసీ, వీ8 లతో కలిపి ఐదు లక్షలకు పైగా తయారు చేశారు. అందువల్ల దీనికి విడిభాగాల కొరత లేదు. కార్బ్యురేటర్ గాస్కెట్ నుంచి తలుపు రేకు వరకు అన్నీ దొరుకుతాయి, చివరికి మొత్తం బాడీ షెల్లును కూడా 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ అసలు అచ్చులను సేకరించి కొత్తగా తయారు చేస్తోంది. అయితే ఆ షెల్లు ఒక్కదాని వెలే, బాగా నడిచే, 1974 తర్వాతి రబ్బరు బంపర్ జీటీ మొత్తం వెలకంటే ఎక్కువ. ఇంజను అరిగితే ఓవరాలింగ్ చేయించుకోవచ్చు, ఆ ఖర్చుకు ఒక హద్దు ఉంటుంది. బాడీ కుళ్లితే ఆ ఖర్చు ఎక్కడ ఆగుతుందో పని మొదలుపెట్టాక గాని తెలియదు. ఎంజీబీకి విడిగా చాసిస్ ఉండదు, రేకుతో కట్టిన ఆ పెట్టెలే కారు ఎముకలు. అందుకే కొనేవారు ముందు రేకును చూడాలి, ఆ తర్వాతే ఇంజనును వినాలి.

ఏ రకం ఎంచుకోవాలి

టాపు మడిచే టూరర్, వెనక అద్దపు తలుపుతో 1965లో వచ్చిన జీటీ అని రెండు రూపాలున్నాయి. జీటీ పైకప్పు రూపకల్పనలో ఇటలీకి చెందిన పినిన్‌ఫరీనా పాలుంది. ఆ పైకప్పు వల్ల బాడీ గట్టిగా ఉంటుంది, బ్రిటన్ వానలో సుఖంగా ఉంటుంది, వెల కూడా టూరర్ కంటే తక్కువ. కుటుంబంతో తిరగాలనుకునేవారికి నేను జీటీనే సూచిస్తాను, అయితే వెనక సీటు చిన్నపిల్లలకు మాత్రమే సరిపోతుంది.

1974 శరదృతువులో అమెరికా భద్రతా నిబంధనల కోసం క్రోము బంపర్లు తీసేసి పెద్ద నల్లటి బంపర్లు పెట్టారు, కారును కూడా ఎత్తు పెంచారు. అప్పటినుంచి అభిమానులు వీటిని క్రోము బంపర్, రబ్బరు బంపర్ అని రెండు జాతులుగా చూస్తున్నారు, క్రోముకు వెల ఎక్కువ పలుకుతుంది. కొందరు రబ్బరు బంపర్ కారుకు క్రోము తొడిగి అమ్ముతారు. అది తప్పు కాదు, చెప్పకుండా అమ్మడం తప్పు. చాసిస్ నంబరును, తయారైన తేదీని పోల్చి చూస్తే నిజం తెలిసిపోతుంది. 1977 మోడల్ నుంచి వెనక కూడా యాంటీ రోల్ బార్ (మలుపుల్లో కారు ఒరగకుండా పట్టే కడ్డీ) వచ్చి రబ్బరు బంపర్ కార్ల నడక చాలా మెరుగుపడింది, కాబట్టి మొదటిసారి కొనేవారు వాటిని చిన్నచూపు చూడనవసరం లేదు.

అమెరికా నుంచి తిరిగి వచ్చిన కార్లు మరో రకం. తయారైన వాటిలో ఎక్కువ భాగం అక్కడికే వెళ్లాయి, పొడి రాష్ట్రాల్లో బతికినవాటికి తుప్పు తక్కువ, కాని ఎండకు డాష్‌బోర్డు పగిలి, సీట్లు ఎండి ఉంటాయి. చాసిస్ నంబరు మొదట్లో ఉండే అక్షరాల్లో ఎల్ లేదా యూ కనిపించి, స్టీరింగు కుడివైపున ఉంటే ఆ మార్పు ఎవరు చేశారో, ఎంత శ్రద్ధగా చేశారో అడగాలి. ఇంకా బ్రిటన్‌లో రిజిస్టరు కాని దిగుమతి కారైతే, దాని రాకను బ్రిటన్ పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీకి నోవా అనే పద్ధతిలో తెలియజేశారని రుజువు చూపమనాలి.

రేకును చదవడం

పగటి వెలుతురులో, వాన లేనప్పుడు మాత్రమే కారు చూడటానికి వెళ్లండి. తడిసిన పెయింటు ప్రతి లోపాన్నీ దాస్తుంది. పలుచని గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం, టార్చిలైటు, మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత చాప తీసుకెళ్లండి. అమ్మేవారి అనుమతి తీసుకున్నాకే అయస్కాంతం పెట్టండి. నిజాయతీ గల అమ్మకందారు ఎవరూ కాదనరు.

మొదట చూడవలసింది తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడవునా ఉండే సిల్. బయటి రేకు, లోపలి రేకు, వాటి మధ్య నిలువుగా ఒక పొర, కింద క్యాజిల్ రైల్ అని పిలిచే మడత పట్టీ, ఇవన్నీ కలిస్తేనే సిల్ అవుతుంది, టూరర్ నడుము వంగకుండా మోసేది అదే. సరిగ్గా మార్చాలంటే ముందు వింగ్, వెనక వింగ్ (చక్రాల పైని పక్క రేకులు) కింది భాగాలను కోసి, లోపలి పొరలన్నీ కొత్తవి వెల్డింగ్ చేసి, మళ్లీ ఆ భాగాలు అతకాలి. తక్కువలో కానిచ్చేవారు కుళ్లిన పాత సిల్ మీద కొత్త రేకు కప్పి పెయింటు వేసేస్తారు. ముందు వింగ్ అడుగు భాగం సిల్‌ను కలిసే చోట అసలు కారులో ఒక అతుకు గీత కనబడాలి. ఆ గీత కనబడకుండా నున్నగా ఉంటే అక్కడ పుట్టీ నింపారని అర్థం. అయస్కాంతం పెట్టి చూడండి, ఇనుము ఉన్నచోట లాగుతుంది, పుట్టీ ఉన్నచోట జారిపోతుంది.

ఇంకొక పరీక్ష ఉంది, నేను ఏ కారు చూసినా దీన్ని వదలను. తలుపు మూసి, తలుపు వెనక అంచుకూ వెనక వింగుకూ మధ్య ఉన్న సందును బాగా గమనించాలి. చిటికెన వేలి గోరును ఆ సందులో పెట్టి చూసుకుంటే కొలత గుర్తుంటుంది. తర్వాత అమ్మేవారి చేతనే సిల్ కింద ఉన్న జాకీ స్థానంలో జాకీ పెట్టించి, చక్రం నేల విడిచేదాకా మెల్లగా ఎత్తించాలి. గట్టి కారైతే ఆ సందు మారదు, తలుపు మామూలుగానే తెరుచుకుంటుంది. బలహీనమైన కారు నడుము దగ్గర వంగుతుంది, సందు కొలత మారిపోతుంది, తలుపు తీయబోతే పట్టేస్తుంది. జాకీ దిగబడుతూ రేకు నలిగే కరకర శబ్దం వినిపిస్తే అక్కడితో ఆపించి, నమస్కారం పెట్టి వచ్చేయండి. జాకీ మీద ఉన్న కారు కిందికి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ దూరవద్దు.

మిగతా చోట్లను ఒక వరుసలో చూసుకుంటూ పోవచ్చు. ముందు చక్రం పైన, వింగ్ లోపల ఒక చిన్న అరలాంటి చోట బురద పేరుకుని లోపలి నుంచి బయటికి తింటుంది, కాబట్టి ముందు వింగ్ పై అంచున, ముందు అద్దానికి దగ్గరగా పెయింటు బుడగలు కనిపిస్తే లోపల నష్టం దానికి పదింతలుందనుకోవాలి. తలుపు రేకు మీద చిన్న త్రికోణపు అద్దం అడుగున నిలువు చీలిక రావడం ఈ కార్లకు పుట్టుకతో వచ్చిన జబ్బు, అది ఒక్కటే కారణంగా కారు వదులుకోనక్కరలేదు. లోపల కార్పెట్లు ఎత్తి నేల రేకు, వెనక సీట్ల స్థానంలో ఉన్న మూత తీసి బ్యాటరీ పెట్టెలు చూడండి. మొదట్లో వచ్చిన కార్లలో అక్కడ రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు ఉంటాయి, ఆసిడ్ కారి ఆ పెట్టెలు చిల్లులు పడతాయి. వెనక లీఫ్ స్ప్రింగులు బాడీకి తగిలే చోట్లు గట్టిగా ఉండాలి, అక్కడ కుళ్లు ఉంటే కారు నడపడమే ప్రమాదం. కొత్తగా పూసిన దట్టమైన నల్లపూత ఎక్కడ కనిపించినా, పూయకముందు తీసిన ఫొటోలు చూపించమని అడగండి. నా ఎర్ర జీటీ దగ్గర నేను అడగని ప్రశ్న అదే.

ఇంజను, గేర్లు, చక్రాలు

మీరు వచ్చేసరికి ఇంజను చల్లగా ఉండాలని ముందే ఫోనులో చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చేయి వేసి చూడండి. చల్లటి ఇంజను చోక్ లాగగానే అందుకోవాలి. వేడెక్కాక రోడ్డు మీద నడుపుతున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ 50 పీఎస్ఐకి పైగా ఉంటే సంతృప్తి పడవచ్చు, ఐడిల్‌లో బాగా తగ్గడం మాత్రం సహజం. దిగువకు దిగుతూ యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు నీలం పొగ వస్తే వాల్వ్ గైడ్లు అరిగాయని అర్థం. ఆయిల్ మూత లోపల తెల్లటి మీగడలాంటి జిగురు ఎక్కువగా ఉంటే నీళ్లు కలుస్తున్నాయేమో చూడాలి, అయితే చలికాలంలో కొద్దికొద్ది దూరాలే తిరిగే కారులో ఇది కొంచెం ఉంటుంది. సీసం పెట్రోలు బ్రిటన్‌లో 2000 మొదలయ్యేసరికి పోయింది కాబట్టి సిలిండర్ హెడ్‌లో గట్టి వాల్వ్ సీట్లు వేయించారా అని, 2021లో వచ్చిన, ఇథనాల్ పది శాతం దాకా కలిసే ఈ10 పెట్రోలుకు తట్టుకునే గొట్టాలు మార్చారా అని అడగండి. నేను మాత్రం ఈ5 సూపర్ పెట్రోలే పోస్తాను.

1967 చివరి దాకా వచ్చిన కార్లలో మొదటి గేరుకు సింక్రోమెష్ (గేరు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు) ఉండదు, కాబట్టి కదులుతుండగా మొదటి గేరు కిరకిరలాడితే అది లోపం కాదు. రెండో గేరు కిరకిరలాడితే లోపమే. ఓవర్‌డ్రైవ్ (అదే వేగంలో ఇంజను నెమ్మదిగా తిరిగేలా చేసే అదనపు గేరు) ఉన్న కారును వెతుక్కోండి, 1975 నుంచి బ్రిటన్ మార్కెట్ కార్లకు అది ప్రామాణికమైంది, అంతకుముందు అదనపు ఖర్చుతో వచ్చేది. నాలుగో గేరులో స్విచ్ వేయగానే ఇంజను వేగం స్పష్టంగా తగ్గాలి, తీయగానే పెరగాలి. మోటార్‌వే మీద ఆ తేడా చెవులకు హాయి.

తీగల చక్రాలు చూడటానికి అందంగా ఉంటాయి, కాని వాటి మధ్యలోని పళ్లు అరిగితే చక్రం హబ్ మీద జారుతుంది. చక్రం ఎత్తించి, తోడు వచ్చినవారిని బ్రేకు తొక్కి పట్టుకోమని, మీరు చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఊపండి. టక్కుమని కదిలితే చక్రాలతోపాటు హబ్‌లు కూడా మార్చాలి, ఆ ఖర్చును వెలలోంచి తగ్గించమని అడగడం న్యాయమే. ముందు చక్రాలు పక్కలకు తిరిగే కీళ్లైన కింగ్‌పిన్లకు క్రమంగా గ్రీజు పెట్టాలి. మూడు వేల మైళ్లకోసారి పెట్టానని, తేదీలతో చెప్పగలిగిన అమ్మకందారు మిగతా కారును కూడా అలాగే చూసుకుని ఉంటాడు.

కాగితాలు

మన ఆర్‌సీ బుక్కులాంటిది ఇక్కడ వీ5సీ అనే లాగ్‌బుక్. అయితే అది వాహనం ఎవరి పేరున నమోదైందో చెప్పే కాగితమే గాని, యాజమాన్యానికి రుజువు కాదని దాని మీదే రాసి ఉంటుంది. అందుకే పాత రసీదులు కూడా అడగాలి. లాగ్‌బుక్‌లోని చాసిస్ నంబరును కారు మీది పలకతో, ఇంజను నంబరును ఇంజనుతో, చిరునామాను మీరు నిలబడిన ఇంటితో పోల్చుకోండి. లాగ్‌బుక్ తర్వాత పంపిస్తానంటే డబ్బు కూడా తర్వాతే ఇస్తానని చెప్పండి. చెల్లింపు బాకీ ఉన్న కారేమో తెలుసుకునే ఫైనాన్స్ తనిఖీ కొద్ది పౌండ్లతో అయిపోతుంది.

నలభై ఏళ్లు నిండిన కారును హిస్టారిక్ తరగతిలోకి మార్పించుకుంటే రోడ్డు పన్ను సున్నా అవుతుంది, లండన్‌లో కాలుష్యపు కార్ల మీద వేసే యూలెజ్ రుసుమూ పడదు. పన్ను సున్నా అయినా నమోదు చేయించుకోవడం తప్పనిసరి, పాత యజమాని పన్ను కొత్త యజమానికి బదిలీ కాదు కాబట్టి నడిపే ముందే ఆ పని చేసుకోవాలి. గత 30 ఏళ్లలో పెద్ద మార్పులు జరగని ఇలాంటి కార్లకు, ఎంవోటీ అనే వార్షిక భద్రతా పరీక్ష నుంచి కూడా మినహాయింపు ఉంది. ఆ మినహాయింపును వాడుకోకుండా ఏటా పరీక్ష చేయించిన యజమాని దగ్గరే కొనమని నా సలహా. రిజిస్ట్రేషన్ నంబరు కొడితే ఎంవోటీ చరిత్ర ఉచితంగా కనిపిస్తుంది, అందులో ఏ ఏడు ఏ మూల తుప్పు పట్టిందని రాశారో, మరుసటి ఏడు ఆ మాట ఎలా మాయమైందో చదివి, మధ్యలో ఏ పని చేయించారో బిల్లు చూపించమనండి. కారు ఫ్యాక్టరీ నుంచి ఏ రంగులో, ఏ తేదీన బయటికి వచ్చిందో గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఇచ్చే హెరిటేజ్ సర్టిఫికెట్ చెబుతుంది.

వ్యాపారి దగ్గర కొంటే 2015 వినియోగదారుల హక్కుల చట్టం కింద, లోపమున్న కారును 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేసే హక్కు ఉంది. వ్యక్తి దగ్గర కొంటే ఆ రక్షణ లేదు, కారు అతను వర్ణించినట్టు ఉండాలి, అతనికి అమ్మే హక్కు ఉండాలి, అంతే. కాబట్టి అతను చెప్పిన మాటలు సందేశాల్లో రాతపూర్వకంగా ఉండేలా చూసుకోండి. క్లబ్బు సభ్యుల మధ్య అమ్మకాల్లో నమ్మకం ఎక్కువ, ఎంజీ కార్ క్లబ్, ఎంజీ ఓనర్స్ క్లబ్ రెంటికీ ప్రాంతీయ శాఖలున్నాయి. కొనకముందే సభ్యత్వం తీసుకుని రెండు మూడు సమావేశాలకు వెళ్తే, ఏ కారు ఎవరి చేతుల్లో ఎలా పెరిగిందో చెప్పేవాళ్లు దొరుకుతారు. వేలంలో కొనేవారు మాత్రం పలికిన వెల మీద కొనుగోలుదారు రుసుము కూడా పడుతుందని ముందే లెక్క వేసుకోవాలి.

హైదరాబాదుకో విజయవాడకో తీసుకెళ్లవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. దిగుమతి అనుమతి, సుంకాల సంగతి కస్టమ్స్ ఏజెంటు చేత రాతపూర్వకంగా తేల్చుకోకుండా ఇక్కడ డబ్బు కట్టవద్దు. భారతదేశంలో నమోదు విషయానికొస్తే, 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని వాహనాలకు వీఏ అక్షరాలతో వింటేజ్ నంబరు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, పునర్నమోదుకు 5,000. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప రోజువారీ ప్రయాణాలకు దాన్ని వాడకూడదు.

అమ్మేటప్పుడు

అమ్మేవారు చేసే పెద్ద తప్పు, అమ్మే ముందు హడావుడిగా పెయింటు వేయించడం. తెలిసిన కొనుగోలుదారు తాజా పెయింటును చూసి భయపడతాడు. ఆ డబ్బుతో బ్రేకులు, టైర్లు, ఎంవోటీ చూసుకుని, లోపాలను ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. నా రెండో కారు అమ్మినప్పుడు ప్రకటనలోనే ఎడమ వెనక చక్రపు వంపు దగ్గర బుడగలున్నాయని, గడియారం పనిచేయదని రాసి, వాటి ఫొటోలే ముందు పెట్టాను. చూడటానికి వచ్చిన పెద్దాయన ఆ రెండూ చూసి, ఇంకేమైనా ఉన్నాయా అని అడిగి, వెల గురించి ఒక్క మాట కూడా బేరమాడలేదు.

వెల నిర్ణయించడానికి ఇతరులు అడుగుతున్న ధరలు చూడవద్దు, అమ్ముడైన ధరలు చూడండి. వేలం సంస్థలు ఫలితాలను ప్రకటిస్తాయి, మీ కారు ఏడాది, రూపం, స్థితి కలిసే నాలుగైదు అమ్మకాలు తీసుకుంటే ఒక అంచనా వస్తుంది. మీరు పెట్టిన ఖర్చంతా తిరిగి వస్తుందని ఆశించకండి, ఎంజీబీ పునరుద్ధరణలో అది జరగడం అరుదు. బిల్లులన్నీ తేదీల వరసలో ఒక ఫైలులో పెట్టి, వెల్డింగ్ జరిగినప్పటి ఫొటోలు దానికి జత చేయండి. నల్లపూత కింద ఏముందో చూపించేవి అవే కాబట్టి, ఆ ఫొటోలే మీ కారుకు వెల తెస్తాయి.

కొనేవారిని నడపనిచ్చే ముందు వారికి ఇన్సూరెన్స్ ఉందో లేదో చూడండి. డబ్బు బ్యాంకు ఖాతాలో పడిందని మీ ఖాతా తెరిచి చూసుకున్నాకే తాళాలు ఇవ్వండి. లాగ్‌బుక్‌లోని ఆకుపచ్చ భాగం చించి కొత్తవారికి ఇచ్చి, అక్కడే కూర్చుని వాహనాల నమోదు సంస్థ డీవీఎల్‌ఏకి ఆన్‌లైన్‌లో యజమాని మార్పు తెలపండి, ఆలస్యం చేస్తే వారి జరిమానాలు మీ ఇంటికి వస్తాయి. తేదీ, సమయం, మైలేజీ, వెల, చాసిస్ నంబరు రాసిన రసీదు రెండు ప్రతులు చేసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. కొన్నవారు తిరుగు ప్రయాణానికి ముందే, ముందుగా ఒప్పుకున్న విలువ మీద క్లాసిక్ పాలసీ తీసుకోవాలి, మామూలు పాలసీలో ప్రమాదం జరిగితే వారు కట్టే వెల ఈ కారుకు సరిపోదు.

చివరగా ఒక కాగితం మీద కారు అలవాట్లు రాసి గ్లవ్ బాక్సులో పెట్టండి. చలిలో చోక్ ఎంత లాగాలి, ఎప్పుడు లోపలికి తోయాలి, ఓవర్‌డ్రైవ్ స్విచ్ ఎక్కడుంది, కార్బ్యురేటర్ డాష్‌పాట్లలో ఏ ఆయిల్ పోస్తారు, 1967 చివరిలోపు వచ్చిన కారైతే దానికి పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ తీగ బాడీకి కలిపి ఉండటం) ఉందా, ఎప్పుడైనా నెగటివ్‌కు మార్చారా అనేది కూడా. ఈ ఆఖరి సంగతి తెలియకపోతే కొత్త యజమాని బ్యాటరీ తీగలు తారుమారు చేసిన రోజే విద్యుత్ పరికరాలు దెబ్బ తినవచ్చు, కాబట్టి ఆ ఒక్క వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీయండి.